చెప్పులకు అంటిన మట్టి

నేరం జరిగిన చోటి మట్టిని పరీక్షించడం విశాఖలో నా ఉద్యోగం. ఆ పనిమీదే కోదాడలో రెండు రోజుల వర్క్‌షాపుకి వచ్చాను. నలుగురితో పరిచయాలు పెంచుకోమని మా ఆఫీసరు యాభై విజిటింగ్ కార్డులిచ్చి పంపారు. బిడియంతో ఒక్కటీ పంచలేదు.

సూర్యాపేటలో స్నేహితురాలిని చూద్దామని బస్సెక్కాను. పక్క సీట్లోని పెద్దావిడ నా చెప్పులకేసి చూసి, "పొద్దుగాల నల్లరేగడిల తిరిగి, ఎనక ఎర్రమట్టిల నడిచినవా బిడ్డా?" అంది.

అక్షరాలా నిజం. ఆ ఉదయం వర్క్‌షాపు వాళ్లు మమ్మల్ని అదే వరుసలో ఆ రెండు నేలల్లోనూ తిప్పారు. మైక్రోస్కోపు లేకుండా ఎలా చెప్పిందో నాకు అర్థం కాలేదు. అడిగేశాను.

ఆవిడ పేరు సైదమ్మ. సూర్యాపేట దగ్గర చివ్వెంల అనే ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. "కొందరు జరమొచ్చిందని జెప్పి వేరేటోళ్ల నాటుకు పోతరు. తెల్లారి కాలిగోళ్లల్ల మట్టి సూస్తె ఎవరి పొలంల దిగిండ్రో ఎర్కైతది. ఇగ అబద్ధం ఖతం!"

నవ్వుతూ మొదటి కార్డు ఆవిడకే ఇచ్చాను.

"నాకు సదువు రాదు, గిదేం జేసుకోను? నా ఫోన్ల నీ నంబరు కొట్టు. నాట్లప్పుడు రా, నేర్పిస్త."

తర్వాతి శిక్షణ ఎక్కడ కావాలో రాయమని ఆఫీసులో ఫారం ఇస్తే, చివ్వెంల అని రాశాను. అది ఏ యూనివర్సిటీయో అని మా ఆఫీసరు ఇంకా వెతుకుతున్నారు.