ఆమె కొంగు ముడులు

నాకు ఆమెను చూస్తే కుళ్లు. ఇప్పటికీ. జమ్మికుంట పత్తి మార్కెట్లో రైతుల పత్తి అమ్మిపెట్టే ఒకే అడ్తి దుకాణంలో, ఒకే బల్లకు ఆ చివర ఆమె, ఈ చివర నేను కూర్చుని లెక్కలు రాసేవాళ్లం. నా తర్వాత చేరింది, నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలుస్తుంది. ఆ పిలుపు ఎంత తీయగా ఉంటుందంటే, వింటే నాకు ఒళ్లు మండుతుంది.

పత్తి సీజన్ మొదలైందంటే మాకు ఊపిరి సలపదు. రైతులకు తూకం, ధర వేసి తక్‌పట్టీలు రాసివ్వాలి, కాంటా దగ్గరికి హమాలీలను పంపాలి, మిల్లుకు ఫోన్ చేయాలి, లారీ మాట్లాడాలి. ఏ ఒక్కటి మరిచిపోయినా ఒక రైతు పొద్దుగూకేదాకా తన పత్తి కుప్ప దగ్గరే కాపలా కూర్చోవాలి. పోయిన సీజన్లో దీనికి తోడు ఇంకో సంగతి వచ్చి పడింది. మా పెద్ద గుమస్తా పని మానేస్తున్నాడు. ఆ కుర్చీ మా ఇద్దరిలో ఎవరికో సీజన్ అయ్యాక చెప్తానన్నాడు సేటు. ఆ కుర్చీ నాకు కావాలి. ముందొచ్చినదాన్ని నేను.

అందుకే పనులు మరిచిపోకుండా ఉండడానికి నేను చేయని ప్రయత్నం లేదు. డైరీలో రాసుకుంటే, మధ్యాహ్నానికి డైరీ పత్తి శాంపిళ్ల కింద ఎక్కడో మాయమైంది. కంప్యూటర్ చుట్టూ పసుపు చీటీలు అంటిస్తే, ఫ్యాన్ వేయగానే అవి దూదితో పాటు లేచిపోయాయి. ఫోన్లో యాప్ వేసుకున్నాను. సేటు మిల్లువాళ్లతో ధర మాట్లాడుతుండగా అది గంట కొట్టింది. ఆయన చూసిన చూపుకి యాప్ అక్కడికక్కడే తీసేశాను.

ఆమెకు ఇవేమీ అక్కర్లేదు. పని చెప్పగానే చీరకొంగు చివర ఒక ముడి వేసుకుంటుంది, అయిపోగానే విప్పుకుంటుంది. అమ్మమ్మల నాటి పద్ధతి. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆమె కొంగు అప్పుడే ఇస్త్రీ చేసినట్టు సాఫుగా ఉంటుంది. ఒకరోజు సేటు అందరి ముందూ మెచ్చుకున్నాడు.

"గీ పిల్లను సూడున్రి. కాయితం లేదు, కలం లేదు. ఒక్క పని ఆగది."

ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మర్నాడు సిగ్గు విడిచి నేనూ అదే పద్ధతి పట్టాను. ముడి జారకూడదని ఏరికోరి నూలు చీర కట్టుకుని వెళ్లాను. సాయంత్రానికి నా కొంగు చివర మూరెడు ముడులు, విప్పే తీరికే దొరకలేదు. ఆమె చూసి నవ్వుతుందేమోనని కొంగు నడుముకు చుట్టుకుని ఆటో ఎక్కాను. ఇంట్లో చీర తడపబోయిన మా అవ్వ ఆ ముడులు చూసి బిత్తరపోయింది.

"ఏందే బిడ్డా గిన్ని ముడులు? ఎవరి పనులే గివన్ని?"

విప్పుతూ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఇది మిల్లుకు ఫోన్. "అక్కా, నీ మాటైతే ఆళ్లు ఇంటరు" అని ఆమే అప్పగించింది. ఇది లారీ. "డ్రైవర్లు నీకైతే జర భయపడ్తరక్కా" అంది. ఇది తక్‌పట్టీలు తిరగరాయడం. "నీ రాత ముత్యాలేనాయె" అంది.

"ఇంకేంది మరి," అంది అవ్వ తాపీగా, "ఆమె తన కొంగుకు ఇప్పి నీ కొంగుకు ఏస్తుంది."

కోపంతో ముఖం వేడెక్కింది. మర్నాడు నేనూ గొంతులో బెల్లం కలుపుకుని ఆమె దగ్గరికి వెళ్లాను.

"చెల్లె, మిల్లుకు నువ్వే ఫోన్ చెయ్యరాదు? నీ గొంతు మంచిగుంటది."

"నాకు పురుసత్ లేదక్కా," అని నవ్వి, తల వంచుకుని తన పని చేసుకుంది. కోపం లేదు, మొహమాటం లేదు. ఇన్నేళ్ల కొలువులో తీరిక లేదన్న ఆ మాట నా నోట ఒక్కసారి రాలేదు. ముడుల మీది కుళ్లు పోయి ఆ మాట మీద పడింది. ఇది ఇంకా ఎక్కువ మండింది.

సీజన్ అయ్యింది. కుర్చీ ఆమెకే ఇచ్చాడు సేటు. ఉండబట్టలేక అడిగేశాను, ఆమె పనులన్నీ చేసింది నేనే కదా అని.

"నాకెరుకే," అన్నాడు ఆయన. "ఎవలతోని ఏం పని చేపియ్యాల్నో ఆమెకెరుక. గా కుర్చీల కూసునేటోళ్లకు గావల్సింది గదేనాయె."

మర్నాడు పొద్దున ఆమె పెద్ద కుర్చీలో కూర్చుని, నా వైపు తిరిగి "అక్కా" అంది. పురుసత్ లేదు అనాలని దారి పొడవునా అనుకుంటూనే వచ్చాను. నోరు తెరిచేలోగా నా చేయి కొంగు అందుకుని ముడి వేస్తోంది.