పీట అక్షరాల చంద్రరావు

రామచంద్రపురంలో కొట్టు పెట్టుకున్నవాళ్ళెవరికీ చంద్రరావుని పరిచయం చెయ్యక్కర్లేదు. ఈ ఫ్లెక్సీలు వచ్చిపడ్డాక ఆయన్ని పిలిచేవాళ్ళు తగ్గారు గానీ, పాత రైసుమిల్లుల గోడలమీదా, ఎరువుల కొట్లమీదా, ట్రాక్టర్ తొట్టెల వెనకా ఇప్పటికీ ఉన్నవి ఆయన రాతలే. లావుపాటి అక్షరాలు. ఒకచోట సన్నం, ఒకచోట మందం అనే వయ్యారాలు ఉండవు. గీత ఎక్కడ చూసినా ఒకటే లావు. ఇంగ్లీషు అక్షరమైతే కింద అడ్డంగా ఓ మందపాటి పట్టీ, పీట వేసుకుని కూర్చున్నట్టు. అందుకే ఊళ్ళో వాటిని పీట అక్షరాలంటారు.

ఆ పద్ధతి ఆయనకు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు పాత ప్రెస్సులో కొయ్య అచ్చులతో వేసిన నాటకాల పోస్టర్లు చూసి పట్టుకున్నాడు. మరి తెలుగు అక్షరానికి కాళ్ళెక్కడివి? మనవన్నీ గుండ్రటివాయె. నానా అవస్థా పడి, తలకట్టుకి మొన తేల్చడం మానేసి, చెక్కముక్క పెట్టినట్టు మొద్దుగా కోసేశాడు. అడుగు వంపుని కాస్త అణిచాడు. అక్షరం కదలకుండా కూర్చుంది. లావుగా ఎవడైనా రాస్తాడు, లోపలి ఖాళీ పూడిపోకుండా లావుగా రాయడంలోనే ఉంది అసలు సంగతి. "లోపల గాలాడాలండి, లేపోతే దూరాన్నించి మరకలా ఉంటదండి" అనేవాడు.

ఎక్కడ పడితే అక్కడ రాయడు, అదొక పంతం. పరుగెత్తే బస్సులోంచి చదవాల్సిన గోడకి రాస్తాడు. ధాన్యం బస్తాల మధ్య నిలబడ్డ కొట్టుకి రాస్తాడు. పిల్లల డాక్టరుగారి బోర్డుకి మాత్రం సన్నటి రాతే. "జ్వరంతో వచ్చినోణ్ణి గుమ్మంలోనే కేకలేస్తే ఎలాగండి" అంటాడు. సంతాపం బోర్డుకి ఆ అక్షరాలే కావాలని ఎవరో పట్టుబడితే, పోయినాయన్ని అంత గట్టిగా పిలవకూడదని కుంచె కిందపెట్టేశాడు. మొండిమనిషి.

భార్య బుల్లెమ్మది ఇంకో రకం మొండితనం. ఏళ్ళ తరబడి బస్టాండు దగ్గర తోపుడుబండి మీద పెసరట్లు వేసింది, ఎండైనా వానైనా. బండికి బోర్డు లేదు. ఉండాలని ఆయనకీ తోచలేదు. ఈమధ్యనే బస్టాండు ఎదురుగా ఓ గది అద్దెకు దొరికింది. షట్టరూ, పైన బోర్డు తగిలించుకోడానికి ఇనప కొక్కేలూ ఉన్న గది. ఆవిడ ఆ కొక్కేలవంకే చూస్తూ నిలబడిపోయింది.

"ఏవండీ, ఫ్లెక్సీ వద్దండి. మీ చేత్తోనే రాయండి, ఆ లావు అక్షరాలతో. శుక్రవారం పొద్దున్న షట్టరు తీసేసరికి ఉండాలి."

"ఆయ్, దానికంత చెప్పాలేంటి" అన్నాడు.

పెళ్ళయ్యాక ఆవిడ నోరుతెరిచి అడిగిన కోరిక అదొక్కటే. బంగారం అడగలేదు, చీరలు అడగలేదు. ఆ సంగతి చంద్రరావుకి బాగా తెలుసు. మంచి రేకు తెచ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, పసుపు పూత వేసి, సుద్ద రాసిన దారంతో గీతలు కొట్టి, ఎర్ర రంగుతో రాశాడు. ప్రాణం పెట్టి రాశాడు. ఇంత బాగా ఏ బోర్డూ కుదరలేదని తనలో తనే మురిసిపోయాడు.

గురువారం సాయంత్రం దానికి పాత పంచె చుట్టి తెచ్చి కొక్కేలకు తగిలించాడు. రోజూ బండి దగ్గర తినే ఆటో డ్రైవరు ఫిన్నీ ఓ చెయ్యి వేశాడు. బుల్లెమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది. చంద్రరావు పంచె లాగేశాడు.

చంద్రరావు టిఫిన్స్.

ఎంత ఠీవిగా ఉన్నాయో అక్షరాలు. బుల్లెమ్మ చదివింది. మళ్ళీ చదివింది. మొహం చిన్నబోయింది. ఏడుపొచ్చింది గానీ దిగమింగుకుంది.

"చాలా బాగుందండి" అంది మెల్లిగా. "మరి నా కొట్టు బోర్డు ఎప్పుడు రాస్తారు?"

చంద్రరావుకి అర్థం కాలేదు. "ఇదేగా మరి."

ఫిన్నీ తల గోక్కున్నాడు. "ఏమనుకోకండి చంద్రరావుగారూ, మీరేసిన అట్టు మేమెప్పుడూ తినలేదు కదండి."

అప్పుడు తగిలింది. ఏం మనిషండీ ఈయన! కావాలని చేశాడా అంటే, పాపం, లేదు. అసలు తట్టనే లేదు. కొట్టంటే మగవాడి పేరు, పక్కన అండ్ సన్స్. నూనె కొట్టూ అంతే, బట్టల కొట్టూ అంతే, ఆఖరికి ఇంటి ఆడవాళ్ళు కలిపి పెట్టే పచ్చళ్ళ కొట్టూ అంతే. చెయ్యి అలవాటైన దారిన పోయింది, మనసు ఎక్కడా ఆపలేదు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. బోర్డు దింపేశాడు.

ఎర్ర రంగు ఒక పట్టాన చావదు. మీద పసుపు వేస్తే అడుగునుంచి తొంగిచూస్తుంది. పూత వెయ్యాలి, ఆరాలి, మళ్ళీ వెయ్యాలి. శుక్రవారం బుల్లెమ్మ బోర్డు లేకుండానే షట్టరు తీసింది. జనం ఎప్పటిలాగే వచ్చారు. "బుల్లెమ్మగారి హోటలెక్కడండి" అని దారి అడుక్కుంటూ కొత్తవాళ్ళు కూడా వచ్చారు. ఓ మూల కూర్చుని చంద్రరావు అదంతా విన్నాడు. పూత ఆరిందో లేదో చూసుకోడానికి లేచి వెళ్ళాడు.

ఆదివారం మధ్యాహ్నం గిరాకీ తగ్గాక, ఆరిన రేకుని కొట్లోనే బల్లమీద పరిచాడు.

"ఇంటిపేరు పెట్టమంటావా?"

"వద్దండి."

"కింద ఓ మూల, చిన్నగా, ప్రొప్రయిటర్ అని నా..."

"వద్దండి."

"సరే. లావెంత?"

"బస్సు దిగినోళ్ళకి కనపడాలండి."

కుంచె ముంచి సుద్దగీత మీదికి తెచ్చాడు. అక్కడే ఆగిపోయాడు. కుంచెకున్న రంగు చుక్కగా బల్లమీద పడింది.

"ఏమైందండి?"

"నీ పేరు ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు బుల్లెమ్మా" అన్నాడు తల ఎత్తకుండా. "కొలత తెలీట్లేదు."

బుల్లెమ్మ పొయ్యి కట్టేసి, స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"నిదానంగానే రాయండి. నేనిక్కడే ఉంటాను."