అర్థం కాలేదన్నాను

కొన్నేళ్ళుగా ఒక అబద్ధం నాతోపాటే ఆఫీసుకు వస్తోంది, నాతోపాటే ఇంటికి తిరిగొస్తోంది. పెద్దదేమీ కాదు. ఒక్క మాట. ప్రార్థనలో కూడా దాని పక్కనుంచి తప్పుకొని పోతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను అక్షరాలు నేర్చుకున్నది పిల్లలు పుట్టాక. కోస్తాలో మా చర్చి స్త్రీల కూటంలో తెలుగు, కెనడాలో కిచెనర్ అనే ఈ ఊరు వచ్చాక లైబ్రరీలో ఇంగ్లీషు. ఇక్కడ ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఊడ్చి తుడిచే పనికి చేరాను. సాయంత్రం కోర్సులు చదివి అక్కడే టెస్టింగ్‌లో కూర్చున్నాను. ఆ తర్వాత బిల్డ్ మిషన్ చూసుకొనే పని నాకిచ్చారు.

ఆ పని ఏమిటో చెప్పాలి. కోడ్ అంతా రిపాజిటరీ అనే ఒకే చోట ఉంటుంది. ఎవరైనా మార్పు పెడితే బిల్డ్ మిషన్ ఆ కోడ్‌ను తెచ్చుకొని, ప్రోగ్రాంగా కట్టి, పరీక్షించి, బయటికి పంపుతుంది. తెచ్చుకోవడాన్ని చెకౌట్ అంటారు. తెచ్చుకొనే ముందు నిన్న కట్టిన ముక్కలన్నీ తుడిచేయాలా, ఉంచాలా అన్నది చెకౌట్‌లో ఒకే ఒక్క లైను. నేను దాన్ని ‘తుడవొద్దు’ అని మార్చాను. పాత ముక్కలు ఉంటే మళ్ళీ అన్నీ కట్టనక్కర్లేదు, పని తొందరగా తెములుతుంది.

నిజంగానే తెమిలింది. మా మేనేజరు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. నేను రాసిన దాన్ని ఒకరు మెచ్చుకోవడం నా జీవితంలో అదే మొదలు. ఆ రోజు బస్సులో ఆ లైను మనసులో ఎన్నిసార్లు చదువుకున్నానో.

“మీ పుణ్యాన మా కాఫీ టైం పోయింది ఆంటీ,” అని నవ్వింది సౌజన్య. పేరు మార్చాను. వరంగల్ వైపు పిల్ల, ఇక్కడే కాలేజీలో చదివి మా దగ్గర కాంట్రాక్టులో చేరింది. ఈ దేశంలో స్థిరపడేందుకు పీఆర్‌కు అప్లై చేయాలంటే ఆమెకు ఆ ఉద్యోగం నిలవాలి. బిల్డ్ నడిచేంతసేపూ నా పక్కన కూర్చుని, నాకు తెలియనివన్నీ విసుగు లేకుండా చెప్పేది.

వృద్ధులను ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాన్లకు వేళలు వేసే ప్రోగ్రాం మాది. అందులో పాత లెక్క ఒకటి తప్పని తేలితే, సౌజన్య దాన్ని తీసేసి కొత్తది రాసింది. పెట్టేముందు నన్ను చదవమంది. చదివాను. బాగుందని ఓకే చేశాను.

అయినా బయటికి పాత లెక్కే వెళ్ళింది, అది అప్పుడెవరికీ తెలియదు. మంచులో పెద్దవాళ్ళు రాని వ్యాన్ల కోసం నిలబడ్డారు. ఫోన్ల మీద ఫోన్లు.

మేనేజరు సౌజన్య మీద పడ్డాడు. ఆ పిల్ల అదే లెక్కను ఇంకో రకంగా రాసి మళ్ళీ పెట్టింది. ఈలోపు నాకు వెలిగింది. నిన్నటి పిండి రుబ్బిన గ్రైండరు కడగకుండా కొత్త పప్పు వేస్తే ఏమవుతుంది? అడుగున పులిసిన పిండి కలుస్తుంది. మిషన్‌లో పాత లెక్కతో కట్టిన ముక్క అలాగే ఉండిపోయింది. నేను నోరు మెదపకుండా ఆ లైనును ‘తుడువు’ అని మార్చేశాను. బిల్డ్ సరిగ్గా వచ్చింది. అందరూ అనుకున్నారు, సౌజన్య రెండోసారి సరిగ్గా రాసింది గనుక వచ్చిందని. అంటే మొదటిసారి తప్పు రాసిందని.

చెప్పొచ్చు కదా? నోటిదాకా వచ్చింది. కానీ తప్పు ఆ ఒక్క లైనులోనే ఉంది. నన్ను మనిషిగా నిలబెట్టిన లైనులో. ‘చదువు రానిదానికి ఇలాంటి పని ఇస్తే ఇంతే’ అని ఎవరూ అనలేదు. నాకే వినిపించింది.

మధ్యాహ్నం సౌజన్య నా దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఆంటీ, నేను నా లాప్‌టాప్‌ల టెస్ట్ చేసినా. మంచిగనే వచ్చింది. అట్లెట్లయితది?”

“ఏమో అమ్మా.”

“ఫస్ట్ పెట్టింది మీరు చదివిన్రు కదా? కరెక్టే ఉండె కదా? సార్‌కు జర ఆ ఒక్క ముక్క చెప్పండి, చాలు.”

“చదివాను గానీ నాకేం అర్థమవుతుందే తల్లీ. పిల్లల్ని కన్నాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని.”

“అవును లెండి ఆంటీ. మిమ్మల్ని అడిగితే ఎట్ల? నేనే ఏదో తప్పు చేసుంట,” అంది. నా భుజం మీద చెయ్యి వేసి మరీ అంది.

చదువు రాదన్న మాట ఎవరి నోట విన్నా చచ్చిపోయేదాన్ని. దాన్ని దాచుకోవడానికి, చెరిపేసుకోవడానికి ఎంత పాటుపడ్డానో నాకే తెలుసు. ఆ రోజు మాత్రం దాన్ని నేనే బయటికి తీసి కొంగులా ముఖానికి కప్పుకున్నాను. భయంతో అలా అన్నానా? లేక, అలా అంటే నన్నెవరూ ఇంకేమీ అడగరని ముందే తెలిసి అన్నానా? తెలిసే అన్నాననుకుంటాను.

ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. ఎడ్మంటన్ వెళ్ళి ఒక స్టోర్‌లో చేరిందని, కోడింగ్ తన వల్ల కాదని చెబుతోందని, చర్చిలో ఒకమ్మాయి చెప్పింది. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. సరిగ్గా చేసిన పనిని తప్పుగా చేశానని నమ్మడం ఒక ఎత్తు. ఆ నమ్మకం నేను పెట్టిందే.

నేను ఇంకా అదే కుర్చీలో ఉన్నాను. క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది, నొక్కే ధైర్యం ఈ రోజుకూ లేదు. ఆ మధ్యాహ్నం ఇవ్వాల్సిన జవాబు మాత్రం, ఆలస్యంగా నేర్చిన ఈ అక్షరాలతోనే, ఒక్కసారైనా నా చేత్తో రాయాలనిపించింది.

చదివాను సౌజన్యా. మొదటిసారే కరెక్టుగా రాశావు. నాకు అర్థమైంది.