అరచేతిలో ఆగిపోయిన ఫార్వర్డ్

నా చిన్నప్పుడు నాకు కనిపించిన ప్రతిదానికీ ధర కట్టే జబ్బుండేది. కిరాణా కొట్ల వీధిలో పెరిగిన పిల్లని కదా, ఎవరైనా ముద్దుచేసినా నాకేమిటి గిట్టుబాటు అని చూసేదాన్ని.

మా తాతయ్య గల్లాపెట్టె పక్కన ఒక రేకు డబ్బా ఉండేది. ఆయన కుర్రతనంలో సిగరెట్ పెట్టెలో వచ్చిన బొమ్మ అట్ట ఒకటి అందులో దాచుకున్నారు. దాని మీద ఎర్ర చొక్కా వేసుకున్న ఇంగ్లీషు ఫుట్‌బాల్ ఆటగాడు, ఫార్వర్డ్, అంటే ముందు వరసలో ఆడి గోల్స్ కొట్టేవాడు. వెనకవైపు అతని కథ అచ్చేసి ఉండేది. బేరాల్లేని మధ్యాహ్నాలు తాతయ్య ఆ అట్టను అరచేతిలో పెట్టుకుని తెలుగులో చదివి చెప్పేవారు. బొగ్గుగనిలో పనిచేసిన కుర్రాడు చిన్న జట్టులో చేరాడు. తలతో కొట్టే గోల్స్ చూసి పెద్ద క్లబ్బు కొనుక్కుంది. దేశం తరఫున ఆడాడు. మనిషిని కొన్నారనే మాట దగ్గర నా చెవులు నిక్కబొడుచుకునేవి. అట్ట అక్కడితో అయిపోయేది.

ఒక పొద్దున కొట్టు తెరిచి తాతయ్య కాఫీకి లోపలికెళ్లారు. పాత వస్తువులు కొనే వ్యాపారి ఒకడొచ్చి ఆ అట్ట అడిగాడు. నేను బేరమాడి, అతను చెప్పినదానికి రెట్టింపు రాబట్టాను.

"బోణీయేనా అమ్మడూ?" అన్నారు తాతయ్య వచ్చి.

"బోణీయే తాతయ్యా! నీ బొమ్మ అట్ట, రెట్టింపుకి!"

వ్యాపారి ఇంకా వీధి చివర కనిపిస్తూనే ఉన్నాడు. కానీ రోజులో మొదటి అమ్మకాన్ని వెనక్కి అడిగేవాడు మా వీధిలో లేడు. తాతయ్య కూర్చుండిపోయారు.

ఆ మధ్యాహ్నం ఆయన ఖాళీ అరచెయ్యి చాపి చదవడం మొదలుపెట్టారు. అవే మాటలు. చూపు వరసల వెంట కదులుతోంది. తర్వాత అట్టలో లేనిది వచ్చింది. మోకాలు చెడింది. పెద్ద క్లబ్బు అతన్ని అమ్మేసింది. కొన్నవాళ్లు ఇంకొకళ్లకి అమ్మారు. ఆఖరి ఆటలో పొగమంచు కమ్మితే ఆట ఆపేసి అందరూ లోపలికి పోయారు. అతనికి చెప్పినవాళ్లు లేరు. గోల్ ముందు నిలబడి బంతి కోసం చూస్తున్నాడు.

"ఇప్పుడు కూడానా?" అన్నాను.

"ఇప్పుడూను. ఇదిగో."

ఒట్టు, ఆయన అరచేతి గీతల మధ్య చీమంత ఎర్రచుక్క కదిలింది.

"లోపలికి పిలు తాతయ్యా!"

"ఎలా పిలవనే? మనవాడు కాడుగా. అమ్మేశాం."

ఇప్పుడు ఈ వయసులో, గల్ఫు దేశంలో, బనియాస్‌లో మా అబ్బాయి పాత సామాన్ల కొట్లో కూర్చుంటున్నాను. మొన్న చలికాలంలో, రోడ్డు అవతల దీపాలు కూడా కనిపించనంత పొగమంచు పట్టిన పొద్దున, ఐకాడ్ కూలీల క్యాంపు నుంచి ఒక కరీంనగర్ కుర్రాడు చేతిగడియారం తెచ్చాడు.

"మా బాపుది అమ్మా. కొత్త ఫోన్ తీస్కోవాలె. ఎంతిస్తే గంత, ఖలాస్."

బోణీ బేరం. సగం ధర నా నాలుక చివరికొచ్చింది. అంతలో నా అరచెయ్యి దానంతటదే తెరుచుకుంది.

"చెయ్యి చాపు నాయనా. ఇది లేకుండా ఒకసారి చూసుకో."

ఖాళీ మణికట్టు కేసి చాలాసేపు చూశాడు. ఏం కనిపించిందో, గడియారం పెట్టుకుని మంచులోకి వెళ్లిపోయాడు.

"బోణీ చెడగొట్టావు కదమ్మా!" అని మా అబ్బాయి తల పట్టుకున్నాడు.

చెడగొట్టాను. తాతయ్య పోయారు, ఆ వ్యాపారీ పోయే ఉంటాడు. నా అరచేతిలో ఆ ఎర్ర చొక్కావాడొక్కడూ బంతి కోసం ఇంకా నిలబడే ఉన్నాడు. ఇన్నేళ్ల బేరాల్లో తిరిగి కొనుక్కోవడం నాకు చేతకానిది అతన్నే.