మెట్ల లైటు బాగుచేసిన సాయంత్రం

ఉల్లిపాయల మార్కెట్ ఉన్న తాడేపల్లిగూడెంలో కాపురముంటూ నేను ఏనాడూ మంచి ఉల్లిపాయ ఎంచి తెచ్చింది లేదు.

పోయిన వేసవిలో, మాతో ఉంటున్న మా ఆవిడ వాళ్లమ్మ, అంటే మా అత్తగారు, మోకాళ్ల నొప్పులతో చీకట్లో మెట్లు దిగలేకపోతున్నారని, మెట్ల లైటుకున్న పై స్విచ్ తీసి, ఫోనుతో వెలుతురు పెంచి తగ్గించే స్మార్ట్ డిమ్మర్ బిగించాను. కింది స్విచ్ నొక్కితే అది పనిచేయడం మానేసేది. ఓ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా మెయిన్ ఆపి, కింది స్విచ్ విప్పి, వైర్లు పట్టుకున్నాను.

ఫ్యాను ఆగడంతో అత్తగారు గోడ మీంచి పక్కింటావిడను అడిగారు. "ఏవండీ, మీకు కరెంటుందా?"

"ఉందండీ!"

అయితే మా మెయిన్ పడిపోయిందనుకుని అత్తగారు పైకెత్తేశారు. ఆ కబురు వైరు ద్వారా నాకూ అందింది.

కళ్లు తెరిచేసరికి నేలమీదున్నాను. అత్తగారు ఏడుస్తూ నా అరచేయి రుద్దుతున్నారు. నాకోసం ఒకరు అంతగా ఏడవడం చూసి కాస్త గర్వంగానే అనిపించింది.

నేను కదలగానే ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. "నేను చీకట్లోనే దిగుతాను గానీ అల్లుడుగారూ, ఇంక దాని జోలికెళ్లకండి. మీకు చేతకాదండీ."