గంజితో అతికిన ఆకులు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే నేను అందులో కూడా రాయలేదు. నాయనమ్మ చుట్టల కోసం ఆరగట్టుకున్న ఆకును దొంగచాటుగా మార్చేశాను.

అరవయ్యెనిమిది చలికాలంలో, నాగావళి ఒడ్డున ఉన్న మా పొగాకు చేలో పురుగుమందులు పరీక్షించారు. లద్దెపురుగు ఆకుల్ని జల్లెడ చేస్తున్న రోజులవి. పరీక్షకు వచ్చిన ఉద్యోగి చేనుకు ఒక పక్క డి.డి.టి., ఇంకో పక్క ఎండ్రిన్ కొట్టించాడు. పోల్చి చూసుకోవడానికి మధ్య చాళ్లను మందు లేకుండా వదిలేశాడు. మందు కొట్టిన ఆకు ఎవరూ వాడకూడదని, కోసి పూడ్చేయమని నాన్నకు గట్టిగా చెప్పి వెళ్లాడు.

కాని ఆ ఏడు చిల్లు లేని ఆకు దొరికేది మందు కొట్టిన చాళ్లలోనే. నాయనమ్మ అదే కోసుకొచ్చి చూరుకు వేలాడగట్టింది. మా వైపు ముసలమ్మలందరిలాగే ఆమెదీ అడ్డపొగ. చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చేది.

"అమ్మా, అది ఇసం. కాల్సకు," అన్నాడు నాన్న.

"నిప్పునే నోట్లో ఎట్టుకుంటన్నాను. నీ మందు నన్నేటి సేస్తాదిరా?"

నాన్న నవ్వేసి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఎండ్రిన్ కొట్టిన మర్నాడు గట్టు వెంట కప్పలు వెల్లకిలా పడి ఉండటం చూశాను. కాని పెద్దవాళ్ల ముందు పెదవి విప్పే ధైర్యం నాకెప్పుడూ లేదు.

మధ్య చాళ్లలోని మందు తగలని ఆకు కోసి పశువులశాల అటక మీద ఆరబెట్టాను. చిల్లుల ఆకుతో చుట్ట చుడితే గాలి పోయి ఆరిపోతుంది. అందుకని ఆకు ఆరాక, పొద్దుటి మంచుకు మెత్తబడిన వేళ, చిన్న చిన్న ముక్కలు కత్తిరించి ఒక్కొక్క చిల్లునీ గంజితో అతికాను. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుండగా చూరుకున్న ఆకు తీసి, ఇది కట్టాను. తీసిన ఆకును చేను గట్టు అవతల పూడ్చేశాను.

"ఈ ఏడు సుట్ట సప్పగున్నాదేటే?" అనేది నాయనమ్మ. నేను పుస్తకంలోంచి తల ఎత్తేదాన్ని కాదు.

వానలు మొదలయ్యాక శ్రీకాకుళం కాలేజీకి బయల్దేరాను. నేను సెలవులకు వచ్చేలోపే జ్వరం ఆమెను తీసుకుపోయింది. బయల్దేరిన రోజు దణ్ణం పెట్టడానికి వంగితే, నోట్లోంచి చుట్ట తీసి, నాకు మాత్రమే వినబడేలా అంది:

"గంజి రుసి నాకు తెల్దనుకున్నావేటే, గుంటా? ఆ ఆకు అయిపోతన్నాది. సెలవులికొచ్చి మల్లీ అతికెట్టు."