మిద్దె మీద తుంగ మొలిచిన ఏడు

మొన్న ఆదివారం మా అల్లుడు డాబా ఎక్కాడు. వంటింటి మూల స్లాబు కారుతోందట, మేస్త్రి రేపొస్తా ఎల్లుండొస్తా అని తిప్పుతున్నాడట. ఇక లాభం లేదని అరబస్తా సిమెంటు, నాలుగు తట్టల ఇసుక, ఎవరో చెప్పిన ఏదో పొడి డబ్బా తెచ్చుకుని, లుంగీ ఎగ్గట్టి తనే మొదలుపెట్టాడు. నేను కింద కుర్చీలో కూర్చుని పార చప్పుడు విన్నాను. పట్టుకున్నవాడికి పని వచ్చో రాదో ఆ చప్పుడే చెప్పేస్తుంది. "ఆయన్ను దిగమను బిడ్డా, మేస్త్రి వచ్చినంక చూద్దాం" అన్నాను మా పెద్దమ్మాయితో. "ఊకో అమ్మా, ఆయన చేస్తడు" అంది. మొగుడు ఇంటి కప్పు ఎక్కితే ఏమవుతుందో దానికేం తెలుసు? అది పుట్టకముందే ఆ ముచ్చటంతా చూసినదాన్ని నేను. నిజం చెప్పాలంటే అది పుట్టిన కథే అది.

అది నిజాం పాలన ఆఖరి ఏడు. అప్పుడు మేము నల్లగొండలో ఒక సందులో ఉండేవాళ్లం. ఐదిళ్లు ఒకే వరసన, గోడకు గోడ కలిపి కట్టినవి. కింద ఎవరి గడప వాళ్లదే కానీ పైన మాత్రం అంతా ఒకటే పొడుగాటి మట్టి మిద్దె. మొదటింట్లో ఎండబెట్టిన మిరపకాయలు ఐదో ఇంట్లో తుమ్ములు తెప్పించేవి. దూలాలు, వాసాలు, వాటి మీద తడక, తడక మీద మట్టి, ఆ మట్టి మీద ఏటా వానలకు ముందు ఒక పొర చౌడు. చౌడంటే ఉప్పు తేలిన తెల్లటి నేల నుంచి గీకి తెచ్చే మన్ను. పైరుకు పనికిరాదు కానీ నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా ఆ పని చేసే ఉప్పరివాళ్లు ఆ ఏడు రాలేదు. కొందరిని ఎవరో వెట్టికి పట్టుకుపోయారన్నారు, కొందరు అడవిలో దళాల్లోకి పోయారన్నారు. చౌడు దొరికే జాగా పానగల్ దిక్కున ఉంది, ఆ దారిలో బండి కనిపిస్తే చాలు సిపాయిలు ఆపి నూరు ప్రశ్నలు వేసేవాళ్లు.

మా ఆయన కచ్చేరి ముందు కూర్చుని అర్జీలు రాసేవాడు. ఉర్దూలో ఆయన రాత చూసి అధికారులే మెచ్చుకునేవారని ఆయనే చెప్పేవాడు. రాయగలిగిన పని ఏదైనా చేయగలనని కూడా ఆయన నమ్మకం. అంతకు ముందు ఏడు వాకిలి తలుపు నేలకు రాసుకుంటోందని చిత్రిక పట్టాడు. అయిపోయాక తలుపు కింద మిగిలిన ఖాళీలోంచి పక్క వీధి పిల్లి రోజూ వచ్చి పాలు తాగిపోయేది. దీపం గూడు పెద్దది చేస్తానని తవ్వితే అవతలి ఇంట్లో కూర్చున్న ఖాలా చెయ్యి కనిపించింది. అది పూడ్చేసరికి మా అత్తమ్మకు విసుగొచ్చి మూడు రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

ఖాలా అంటే మా గోడ పక్క సాయిబుల ఇంటామె, వాళ్ల మాటలో పిన్ని. ఆమె భర్త దర్జీ, ఆయన్ను ఖాలూ అనేవాళ్లం; ఇద్దరు పెళ్లికాని ఆడపిల్లలు. ఖాలూ మాటలు తక్కువ, చేతలు ఎక్కువ. ఎన్ని గొడవలున్నా ఎండాకాలంలోనే నెత్తిన గంపతో పోయి చౌడు తెచ్చి తన మిద్దె మీద పరుచుకున్నాడు. "మీకు గూడ రెండు గంపలు తేనా?" అని అడిగితే మా ఆయన నవ్వి, ఇంకా టైముంది అన్నాడు.

నాకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. తొలిచూలు పుట్టింట్లో కావాలి. కానీ మా ఊళ్లో పగలు నిజాం మనుషులు, పొద్దుగూకితే దళంవాళ్లు వచ్చి పోతుండేవాళ్లు. "ఈడికి రాకు బిడ్డా, ఆడ్నే ఉండు" అని మా బాపు కబురు పంపాడు. పురుడు పోసుకోవడానికి మా ఇంట్లో ఉన్నది వెనక అర్ర ఒక్కటే. అది సరిగ్గా మంచం వేసేచోటే కారుతుంది. నాకు వేరే కోరిక ఏమీ లేదు. బిడ్డ పడేటప్పుడు నెత్తి మీద ఒక పొడి కప్పు ఉంటే చాలనుకున్నాను. ఆ ఒక్కటీ అడిగాను.

ఆయన మిద్దె ఎక్కాడు. చౌడు లేదు కాబట్టి చెరువు ఒండ్రు మోసుకొచ్చి పరిచాడు. నల్ల రేగడి. "అది నెర్రెలు పడ్తది, దిగుండ్రి" అన్నాను. "మట్టి మట్టే గదా, నీకేం తెల్వదు, ఊకో" అన్నాడు. అంతటితో ఆగలేదు. ఖాలా వాళ్ల మిద్దె మీది నీళ్లు మన వైపు రాకుండా నడుమ మోకాలెత్తు గట్టు కూడా వేశాడు. ఇన్నేళ్లుగా ఎవరూ గీయని గీత అది. మా నీళ్లు పోయే తూము వాళ్ల వైపే ఉందని గట్టు వేసేటప్పుడు ఆయనకు గుర్తురాలేదు. ఖాలూ పైకొచ్చి గట్టు చూసి దిగిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

పది రోజుల ఎండకు రేగడి వేలు పట్టేంత నెర్రెలిచ్చింది. తర్వాత పడిన వానకు నెర్రెలు మూసుకోలేదు కానీ ఒండ్రులో ఉన్న గింజలన్నీ మొలిచాయి. మిద్దె మీద పచ్చగా తుంగ. "ఇగ కలుపుకు కూలోళ్లను పిలువు కొడుకా" అంది అత్తమ్మ. ఆయన మాత్రం వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయని నాకు బోధ చేశాడు. కోపంతో ఏడవాలో నవ్వాలో తెలియక చెంబులు, గంగాళాలు, చివరికి ఉప్పు జాడీ కూడా చుక్కల కింద పెట్టుకుంటూ తిరిగాను.

భాద్రపదంలో వాన పట్టుకున్న రోజే నిజాం మీదికి యూనియన్ సైన్యం బయలుదేరిందని తెలిసింది. నాలుగైదు రోజులకు నిజాం లొంగిపోయాడు, అంతా అయిపోయిందన్నారు. కొందరు పండగ చేసుకున్నారు. మా సందులో ఖాలా వాళ్ల తలుపు మాత్రం పగలంతా మూసే ఉంది. మరునాడు పొద్దున నాకు నొప్పులు మొదలయ్యాయి. అదే గంటలో వెనక అర్ర కప్పు లోంచి ఇంత పెల్ల ఊడి మంచం నడుమ పడింది. గట్టు అడ్డుపడి తూముకు పోలేక నిలిచిన నీళ్లన్నీ దాని వెంటే వచ్చాయి. మంత్రసాని కోసం పోదామంటే సందు దాటే ధైర్యం ఎవరికీ లేదు. గూడు పూడ్చినచోట గోడ మీద తట్టి ఖాలా అంది: "ఫికర్ చెయ్యకు బిడ్డా, మా అర్ర పొడిగుంది. తోల్కరాండ్రి."

అత్తమ్మ ఒక్క నిమిషం నిలబడిపోయింది. తన ఇంటి తొలి పురుడు ఇంకొకరింట్లో, అందునా వాళ్లింట్లో. ఆమె మొహంలో అదంతా కనబడింది. తర్వాత కొంగు బిగించి రాగి చెంబు ఒక చేత, నన్ను ఒక చేత పట్టుకుని ఖాలా గడప దాటించింది. పురుడు జరిగే ఇంట మగవాళ్లు, పెళ్లికాని పిల్లలు ఉండకూడదు గనుక ఖాలూను, ఆడపిల్లలనూ మా ఇంటికి పంపేసింది. వాళ్లు మిద్దె మీదుగా, మా ఆయన వేసిన గట్టు దాటి, తుంగలోంచి నడిచి వెళ్లారు. ఎవరూ ఆలోచించి చేసింది కాదు. కప్పు కారింది, అంతే.

మధ్యాహ్నం, నిజాం మనుషుల మీది పగ సాయిబుల ఇళ్ల మీద తీర్చుకునే గుంపు వచ్చింది. కట్టెలు, గొడ్డళ్లు. మా ఇంటి ముందు ఆగలేదు, సరిగ్గా ఖాలా గడప ముందే ఆగింది. నేను నులక పట్టుకుని పళ్లు బిగించి ఉన్నాను. నా కాళ్ల దగ్గర ఖాలా. ఆమె చేతులు నన్ను వదల్లేదు. అత్తమ్మ అంతకుముందే గడపకు వేపమండలు కట్టి నిప్పుల కుంపటి పెట్టింది. తలుపు తీసి అడ్డంగా కూర్చుంది.

"లోపట నా కోడలు నొప్పులు పడ్తాంది. పురిటి గడప దాటుతరా?" అంది. తర్వాత ముందున్నవాణ్ణి చూసి, "నిన్ను గన్ననాడు మీ అవ్వకు నీళ్లు కాచింది నేనే. దాటు మరి, చూస్త" అంది.

ఒక కట్టె నేలకు ఆనిన చప్పుడైంది. తర్వాత అడుగుల చప్పుడు సందు చివరికి పోయింది. కాసేపటికి మా పెద్దమ్మాయి ఏడ్చింది. గోడ అవతల, కారుతున్న మా ఇంట్లో, చుక్కల కింది చెంబుల మధ్య కూర్చున్న ఖాలూకు, పిల్లలకు, మా ఆయనకు ఆ ఏడుపు వినిపించింది. ఆయన ఆ రోజు మొదటిసారి తన పనితనం గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

రెండేళ్లకు ఖాలా వాళ్లు పట్నం పోయారు, బంధువుల దగ్గరికి. పోయే వారం ముందు ఖాలూ ఎనిమిది గంపల చౌడు మోశాడు. నడుమ గట్టు పారతో చదును చేసి, రెండు మిద్దెల మీదా ఒకే పొరగా పరిచి వెళ్లాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా వెనక అర్రలో చుక్క పడలేదు.

అల్లుడు సాయంత్రం దిగాడు, మోచేతుల దాకా సిమెంటుతో. ఇక ఎన్ని వానలొచ్చినా ఫరవాలేదు అన్నాడు. మా అమ్మాయి నన్ను చూసి గెలిచినట్టు నవ్వింది. కప్పు కారకుండా చూసుకోవడం మాకు ఏళ్ల మీద అలవాటైంది. కారిన రోజున గోడ తట్టి రమ్మనే మనిషి పక్కన లేకుండా పోయింది ఏ ఏటి నుంచో, ఆ లెక్క మాత్రం ఎవరూ పెట్టుకోలేదు.